స్టార్ట్ మెనూ చిందరవందరగా మారినప్పుడు: తుడిచివేయడానికి ముందు ఏ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

నమస్కారం అండి. మీరు వ్రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. మీ డీటీపీ సెంటర్‌లో ముగ్గురు వంతులవారీగా వాడే విండోస్ 10 కంప్యూటర్ ఒకటి ఉంది. ఆరేళ్లుగా ఏ పని వస్తే ఆ పనికి కావలసిన ప్రోగ్రామ్‌ను అందులో వేసుకుంటూ వచ్చారు. ఇటీవల మెకానిక్ కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పని చేసే నిల్వ పరికరం) అమర్చి, విండోస్‌ను అందులోకి మార్చి, పాత హార్డ్ డిస్క్‌ను ఫైళ్ల కోసం అలాగే ఉంచారు. అప్పటి నుంచి స్టార్ట్ మెనూలోని పేర్లు చాలా వరకు నొక్కినా తెరుచుకోవడం లేదు, కొన్ని పేర్లు రెండేసి సార్లు కనిపిస్తున్నాయి, కొత్తగా వేసిన పీడీఎఫ్ ప్రోగ్రామ్ మాత్రం అసలు కనిపించడం లేదు. క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేసి శుభ్రం చేయమని ఒకరు, ఫార్మాట్ చేయించమని మరొకరు చెప్పారు. ఈ రెండింటిలో ఏది మేలని మీ ప్రశ్న.

రెండూ వద్దు. ఫార్మాట్ చేస్తే పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి పాత ప్రోగ్రామ్‌లను మళ్లీ వేయడానికి వాటి సీడీలు, సీరియల్ నంబర్లు వెతుక్కోవాలి. అవి దొరకకపోతే మీ సెంటర్ పని ఆగిపోతుంది. క్లీనర్ విషయంలో నాకు కళ్లారా చూసిన అనుభవం ఉంది. గుంటూరులో ఒక ముద్రణాలయంలో, రెండో హార్డ్ డిస్క్ కేబుల్ వదులై ఆ డిస్క్ కనిపించని రోజున, ఎవరో అటువంటి ఉపకరణాన్ని నడిపారు. ఆ డిస్క్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ల షార్ట్‌కట్‌లన్నింటినీ అది చెడిపోయినవాటిగా లెక్కగట్టి తీసివేసింది. తరువాత కేబుల్ బిగిస్తే ప్రోగ్రామ్‌లన్నీ క్షేమంగానే ఉన్నాయి, కానీ వాటిని తెరిచే దారులు ఒక్కటీ మిగలలేదు. వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ తయారు చేయడానికి నాకు ఒక పూట పూర్తిగా పట్టింది. మీ కంప్యూటర్‌లో జరిగినది కూడా దీనికి చాలా దగ్గరగా ఉందని నా అనుమానం. అందుకే, ఈ సమాధానం చివరి వరకు చదివే దాకా దయచేసి ఏదీ తొలగించవద్దు.

ముందుగా స్టార్ట్ మెనూ అంటే ఏమిటో తెలియాలి, ఎందుకంటే అది తెలిస్తే మిగిలిన పని సగం తేలికవుతుంది. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చినప్పటి నుంచి ఈ మెనూ ప్రధానంగా డిస్క్ మీద ఉండే మామూలు ఫోల్డరే. అందులో మీరు చూసే ప్రతి పేరూ ఒక చిన్న షార్ట్‌కట్ ఫైలు, అసలు ప్రోగ్రామ్ ఫలానా డ్రైవ్‌లో ఫలానా చోట ఉందని చెప్పే చిరునామా చీటీ అన్నమాట. చీటీని చింపినంత మాత్రాన ఇల్లు కూలదు, ఇల్లు మారినంత మాత్రాన చీటీ దానంతట అది మారదు. విండోస్ 10లో ఈ చీటీలు రెండు ఫోల్డర్లలో ఉంటాయి. ఒకటి ఆ కంప్యూటర్ వాడే వారందరికీ ఉమ్మడిది, సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డర్ లోపల ఉంటుంది. రెండోది ఒక్కో వాడుకరికి విడివిడిగా ఉండేది, ఆ వాడుకరి పేరు గల ఫోల్డర్‌లో యాప్‌డేటా, దాని లోపల రోమింగ్ అనే చోట ఉంటుంది. విండోస్ ఈ రెండింటినీ కలిపి ఒకే జాబితాగా మీకు చూపిస్తుంది. వీటికి మూడోదిగా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లు చేరతాయి. వాటికి ఈ ఫోల్డర్లలో చీటీ ఉండదు, విండోస్ తన సొంత పట్టికలో వాటిని నమోదు చేసుకుంటుంది.

ఆ రెండు ఫోల్డర్లను తెరవడానికి దాచిన దారులన్నీ వెతుక్కోనక్కరలేదు. కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ అక్షరం కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాలతో షెల్ అనే మాట, వెంటనే ఖాళీ లేకుండా కోలన్ గుర్తు, వెంటనే ప్రోగ్రామ్స్ అనే మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే మీ సొంత ఫోల్డర్ తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్స్ అనే మాటకు ముందు కామన్ అనే మాట చేర్చి, ఆ రెండు మాటల మధ్య ఒక ఖాళీ వదిలితే ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకుంటుంది. రెండు కిటికీలను పక్కపక్కన పెట్టుకోండి. ఇక మీదట పనంతా వీటిలోనే జరుగుతుంది.

మొట్టమొదట ఈ రెండు ఫోల్డర్లను ఉన్నవి ఉన్నట్లుగా కాపీ చేసి ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. షార్ట్‌కట్‌లు చాలా చిన్న ఫైళ్లు కాబట్టి వందలున్నా ఎక్కువ చోటు పట్టవు. కాపీకి తేదీ వేసి ఉంచండి. ఏ తప్పు జరిగినా అదే చోట తిరిగి అతికిస్తే మెనూలోని పేర్లు ఈ రోజు ఉన్న స్థితికి వస్తాయి. చాలామంది ఈ పనిని తరువాత చేద్దామని వదిలేస్తారు. మీరు మాత్రం ఇది చేసిన తరువాతే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు తెరుచుకోని పేర్ల సంగతి చూద్దాం. మీ ఇబ్బందిలో ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను. పేరును నొక్కినప్పుడు వచ్చే హెచ్చరికను మీరు చదవకుండా మూసివేస్తున్నట్లు మీ వర్ణన చూస్తే అనిపించింది. దయచేసి ఒకసారి చదవండి, ఎందుకంటే అది రెండు రకాలుగా ఉంటుంది. షార్ట్‌కట్ చెబుతున్న డ్రైవ్ గానీ నెట్‌వర్క్ గానీ అందుబాటులో లేదని వస్తే, చిరునామా మొదట్లో సీ, డీ అని ఉండే డ్రైవ్ అక్షరమే కంప్యూటర్‌కు దొరకడం లేదని అర్థం. షార్ట్‌కట్ చెబుతున్న వస్తువు మారింది లేదా వేరే చోటికి జరిగింది, ఈ షార్ట్‌కట్‌ను తొలగించమంటారా అని అడిగితే, డ్రైవ్ దొరికింది గానీ అందులో ఆ ఫైలు లేదని అర్థం. ఈ రెండో ప్రశ్న చాలా ప్రమాదకరమైనది. పాత అక్షరం ఇప్పుడు డిస్క్‌లోని మరో విభాగానికి (పార్టిషన్‌కు) వెళ్లిపోయి ఉంటే, ప్రోగ్రామ్ చెక్కుచెదరకుండా ఉన్నా సరే విండోస్ ఇదే ప్రశ్న అడుగుతుంది. అవునని నొక్కితే చీటీ పోతుంది. అందుచేత ప్రస్తుతానికి ప్రతిసారీ కాదనే నొక్కండి.

ఆ తరువాత తెరుచుకోని పేర్లలో ఏవైనా ఐదారింటిని ఎంచుకుని, ఒక్కొక్కదాని మీద రైట్ క్లిక్ చేసి, మోర్ అనే చోట ఓపెన్ ఫైల్ లొకేషన్ ఎంచుకోండి. షార్ట్‌కట్ ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడ మళ్లీ రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే టార్గెట్ అనే గడిలో పూర్తి చిరునామా కనిపిస్తుంది. ఆ చిరునామాల మొదటి అక్షరాన్ని మాత్రం ఒక కాగితం మీద వరుసగా వ్రాసుకోండి. అన్నింటికీ డీ అనే అక్షరమే వచ్చి, దిస్ పీసీ అనే కిటికీలో మీ పాత హార్డ్ డిస్క్ విభాగం ఇప్పుడు ఈ (E) అని గానీ ఎఫ్ (F) అని గానీ కనిపిస్తోందనుకోండి, రోగం దొరికినట్లే. ఆరేళ్ల క్రితం సీ డ్రైవ్‌లో చోటు చాలక ప్రోగ్రామ్‌లను డీ డ్రైవ్‌లో వేయడం మన సెంటర్లలో చాలా మామూలు. ఎస్‌ఎస్‌డీ వచ్చాక డిస్క్‌ల వరుస మారి, పాత డీ విభాగానికి కొత్త అక్షరం పడి ఉంటుంది. నలభై పేర్లు చచ్చిపోయినట్లు కనిపించినా వాటన్నింటికీ కారణం ఒక్క అక్షరం.

దీన్ని సరిచేసే పద్ధతి ఇది. కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ప్రవేశించి, తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసివేసి, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పాత ఫైళ్లు ఉన్న విభాగం ఏదో దాని పరిమాణాన్ని బట్టి, లోపలి ఫోల్డర్లను బట్టి నిర్ధారించుకోండి. డీ అక్షరం ఇప్పుడు డీవీడీ డ్రైవ్‌కో కార్డ్ రీడర్‌కో పోయి ఉంటే, ముందు దానికి ఎవరూ వాడని ఒక అక్షరం ఇచ్చి డీని ఖాళీ చేయండి. తరువాత మీ పాత విభాగం మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే అంశాన్ని ఎంచుకుని, దానికి డీ అక్షరాన్ని తిరిగి ఇవ్వండి. కొన్ని ప్రోగ్రామ్‌లు పని చేయకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది. మీ విషయంలో అవి ఇప్పటికే పని చేయడం లేదు, మీరు చేస్తున్నది వాటిని తిరిగి నడిపించడమే కాబట్టి ఒప్పుకోండి. అయితే ఎస్‌ఎస్‌డీ వచ్చిన తరువాత ఆ కొత్త అక్షరం మీద ఏదైనా వేసి ఉంటే, దాని చీటీ ఈసారి తప్పవుతుంది. అటువంటివి ఒకటో రెండో ఉంటాయి, వాటిని మళ్లీ వేసుకోవచ్చు. సీ డ్రైవ్ అక్షరాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తాకవద్దు. అదే కిటికీలో ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ అనే మాటలు కూడా ఉంటాయి. వాటి దరిదాపుల్లోకి వెళ్లకండి. చేయి వణుకుతుంటే పక్కన తెలిసినవారిని కూర్చోబెట్టుకుని చేయండి, ఇందులో చిన్నతనమేమీ లేదు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. చాలా పేర్లు ఒక్కసారిగా బతికి వస్తాయని నా నమ్మకం. గుర్తుల స్థానంలో తెల్ల కాగితం బొమ్మలు కనిపిస్తుంటే కంగారు పడవద్దు. అది విండోస్ తన దగ్గర దాచుకున్న బొమ్మల నిల్వ పాతబడినందువల్ల జరిగేది, సాధారణంగా రీస్టార్ట్ తరువాత సర్దుకుంటుంది. ఇంకా తెరుచుకోని పేర్లు ఏవైనా మిగిలితే, టార్గెట్ గడిలోని చిరునామాకు స్వయంగా వెళ్లి చూడండి. అక్కడ ఫోల్డరే లేకపోతే ఆ ప్రోగ్రామ్ ఎప్పుడో పోయినదే. అటువంటి చీటీలను మాత్రమే నిశ్చింతగా తీసివేయవచ్చు.

రెండేసి సార్లు కనిపించే పేర్ల విషయంలో చాలామంది పొరబడతారు. ఒకే ప్రోగ్రామ్‌ను చూపే రెండు షార్ట్‌కట్‌లు ఫోల్డర్లలో ఉన్నా, విండోస్ 10 మెనూ సాధారణంగా వాటిలో ఒక్కదాన్నే చూపిస్తుంది. కాబట్టి మీకు ఒకే పేరు రెండు సార్లు కనిపిస్తోందంటే అవి పైకి కవలల్లా ఉన్నా లోపల వేర్వేరని అనుమానించాలి. ఒకటి పాత వెర్షన్, మరొకటి కొత్త వెర్షన్ కావచ్చు. ఒకటి స్టోర్ నుంచి వచ్చిన వాట్సాప్, మరొకటి ఎవరో బ్రౌజర్‌లోంచి యాప్‌గా పెట్టుకున్న వాట్సాప్ వెబ్ కావచ్చు. రైట్ క్లిక్ చేసి చూస్తే తేడా తేలిపోతుంది. ఓపెన్ ఫైల్ లొకేషన్ అనే అంశం ఉంటే అది చీటీ గల మామూలు ప్రోగ్రామ్, ఆ అంశం లేకపోతే అది స్టోర్ యాప్. క్రోమ్ నుంచి పెట్టుకున్నవి మీ సొంత ఫోల్డర్‌లో క్రోమ్ యాప్స్ అనే పేరుతో విడిగా చేరి ఉంటాయి, వాటిని క్రోమ్‌లోని యాప్‌ల పేజీ నుంచి తీసివేయడం మంచిది.

వెర్షన్లు రెండు ఉన్నప్పుడు పాతది పనికిరానిదని వెంటనే నిర్ణయించవద్దు. మీ దగ్గరికి పదేళ్ల క్రితం పెళ్లి పత్రిక నమూనాను పట్టుకొచ్చే ఖాతాదారు ఉంటారు. ఆ ఫైలు పాత ప్రోగ్రామ్‌లోనే సరిగ్గా తెరుచుకుంటుంది. రెండింటినీ ఉంచాలనుకుంటే పాతదాని షార్ట్‌కట్ పేరు చివర వెర్షన్ సంఖ్య చేర్చండి, పొరపాటున తెరవడం ఆగిపోతుంది. తీసివేయాలనుకున్న వెర్షన్‌ను సెట్టింగ్స్‌లో యాప్స్ అనే చోట అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. చీటీని చెరిపి ప్రోగ్రామ్‌ను తీసేశామనుకోవడం సరికాదు, అది డిస్క్‌లో అలాగే ఉండి చోటు తింటూనే ఉంటుంది. ముందు అన్‌ఇన్‌స్టాల్, ఆ తరువాత ఏమైనా చీటీలు మిగిలితే వాటిని తుడవడం, ఇదీ వరుస. ప్రింటర్, స్కానర్‌లతో వచ్చిన ఉపకరణాల జోలికి మాత్రం వెళ్లవద్దు. మీరు ఎన్నడూ తెరవని ఆ పేరు వెనుక, స్కానర్ బటన్ నొక్కితే పని జరిపించే ప్రోగ్రామ్ ఉండి ఉండవచ్చు.

కనిపించని పీడీఎఫ్ ప్రోగ్రామ్ విషయంలో మీరు చెప్పని వివరం ఒకటి కావాలి. మీరు ముగ్గురూ ఒకే ఖాతాతో ప్రవేశిస్తున్నారా, విడివిడి ఖాతాలతోనా? కొన్ని ప్రోగ్రామ్‌లు వేసేటప్పుడు ఈ ఒక్క వాడుకరికా, అందరికీనా అని అడుగుతాయి. మొదటిది ఎంచుకుంటే చీటీ ఆ వాడుకరి సొంత ఫోల్డర్‌లోనే పడుతుంది, మిగిలిన ఇద్దరి మెనూలో అది ఎన్నటికీ కనిపించదు. అలా జరిగి ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, అందరికీ అనే ఎంపికతో మళ్లీ వేయడం మేలు. చీటీని మాత్రం ఉమ్మడి ఫోల్డర్‌లోకి జరిపితే ఉపయోగం ఉండకపోవచ్చు, ఎందుకంటే ప్రోగ్రామ్ కూడా ఆ ఒక్కరి ఫోల్డర్ లోపలే ఉండి మిగిలినవారికి తెరవడానికి అనుమతి లేకపోవచ్చు. అదీ కాకపోతే, ఆ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అవసరం లేని రకం కావచ్చు. జిప్ విప్పి నేరుగా నడిపే ప్రోగ్రామ్‌లు మెనూలో చీటీ పెట్టవు. అప్పుడు అసలు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి షార్ట్‌కట్ తయారు చేసి, ఉమ్మడి ఫోల్డర్‌లో మీరే ఉంచాలి. ఆ ఫోల్డర్‌లో ఏ మార్పు చేసినా విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, కంటిన్యూ నొక్కితే సరిపోతుంది.

చీటీ ఫోల్డర్‌లో ఉండి కూడా మెనూలో కనిపించకపోతే లోపం మెనూది. 2019 మే నెలలో వచ్చిన 1903 వెర్షన్ నుంచి స్టార్ట్ మెనూ తనకంటూ ఒక విడి ప్రాసెస్‌గా, అంటే వెనుక నడిచే విడి ప్రోగ్రామ్‌గా, నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ భాగం తెరిచి, స్టార్ట్ మెనూ ఎక్స్‌పీరియన్స్ హోస్ట్ అనే పేరును వెతికి దాన్ని ముగించండి. మెనూ తెరవగానే అది దానంతట అదే మళ్లీ మొదలై, ఫోల్డర్లను కొత్తగా చదువుకుంటుంది. జాబితాలో పేరు ఉండి వెతుకులాటలో మాత్రం దొరకకపోతే, కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అనే చోట రీబిల్డ్ నొక్కండి. ఇది గంటల సమయం తీసుకోవచ్చు కాబట్టి రాత్రి సెంటర్ మూసేటప్పుడు మొదలుపెట్టి, కంప్యూటర్ నిద్రలోకి జారకుండా చూసి వెళ్లండి. ఇవేవీ ఫలించనప్పుడే సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ ఆదేశం వంటివాటి దాకా వెళ్లాలి. మీకు అంత అవసరం వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు సర్దుకోవడం గురించి. తెరుచుకోని పేర్లు బాగుపడి, అక్కరలేని ప్రోగ్రామ్‌లు వెళ్లిపోయిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి. ముందే సర్దితే పనికిరాని వస్తువులను అందంగా పేర్చినట్లవుతుంది.

విండోస్ 7 వరకు మెనూలో ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటే అది అలాగే విప్పుకునేది. విండోస్ 10లో అలా కాదు. జాబితాలో ఒక్క అంతస్తు ఫోల్డర్లే కనిపిస్తాయి, లోపలి ఫోల్డర్లలోని పేర్లన్నీ పై ఫోల్డర్ కింద ఒకే వరుసలో పడిపోతాయి. కాబట్టి చెట్టు కొమ్మల్లా లోతుగా అల్లుకునే శ్రమ వృథా. పని వారీగా నాలుగైదు ఫోల్డర్లు చాలు. కంపెనీ పేరుతో ఫోల్డర్ ఉంచడం మీ ముగ్గురికీ ఉపయోగపడదు, ఎందుకంటే మనిషి మెనూ తెరిచేది ఏదో ఒక పని మనసులో పెట్టుకుని గానీ, ఫలానా కంపెనీని తలచుకుని కాదు. మీ సెంటర్‌కు పేజీల తయారీ, ఫొటోల పని, స్కానింగ్ - ప్రింటింగ్, లెక్కలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అనే ఐదు ఫోల్డర్లు సరిపోతాయని మీరు పంపిన పేర్ల పట్టిక చూసి నాకు తోచింది. వీటిని ఉమ్మడి ఫోల్డర్‌లో తయారు చేస్తే ముగ్గురికీ ఒకే మెనూ కనిపిస్తుంది, పని నేర్చుకునే కొత్తవారు వచ్చినా ఒక్కసారి చూపిస్తే చాలు.

ఫోల్డర్లకు తెలుగు పేర్లు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలనే నేను కోరుకుంటాను. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మల యూఐ ఫాంట్ వల్ల మెనూలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. అయితే డీటీపీ సెంటర్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఆ పేర్లను అను ఫాంట్ల కోసం వాడే టైపింగ్ పద్ధతిలో కొట్టకూడదు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు అక్షర రూపాలను కూర్చినవి, ఆ ఫాంట్ లేని చోట అవి అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. మెనూలో మనం ఫాంట్ ఎంచుకోలేం. విండోస్‌లోని తెలుగు కీబోర్డును భాషల సెట్టింగ్స్‌లో చేర్చుకుని, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి దానికి మారి, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లోనే టైపు చేయండి.

ఇంకో చిన్న ఉపాయం చెబుతాను. విండోస్ ప్రదర్శన భాష ఇంగ్లిష్ అయినప్పుడు తెలుగు పేర్లు ఇంగ్లిష్ జెడ్ అక్షరం తరువాత, జాబితా అట్టడుగుకు చేరతాయి. అంకెతో మొదలయ్యే పేర్లు మాత్రం అక్షరాలన్నింటికీ ముందే పైభాగంలో వస్తాయి. కాబట్టి ప్రతి ఫోల్డర్ పేరుకు ముందు 1, 2, 3 అని అంకె చేర్చండి, 1 పేజీల తయారీ, 2 ఫొటోలు, ఇలా. మీ ఫోల్డర్లు ఐదూ మెనూ తెరవగానే దాదాపు మొదట్లోనే, మీరు కోరిన వరుసలోనే నిలుస్తాయి. లోపలి షార్ట్‌కట్‌ల పేర్లను మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచండి. మీలో చాలామంది మెనూ తెరిచి పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్‌లో కొట్టి వెతుకుతారు. షార్ట్‌కట్ పేరును తెలుగులోకి మారిస్తే ఆ వెతుకులాట విఫలమయ్యే అవకాశం ఉంది.

షార్ట్‌కట్‌లను కొత్త ఫోల్డర్లలోకి జరపాలా, కాపీ చేయాలా అనే ప్రశ్న మీకు తప్పక వస్తుంది. కాపీ చేస్తే, ఇంతకు ముందు చెప్పినట్లు, ఒకే లక్ష్యం గల రెండింటిలో మెనూ ఒక్కదాన్నే చూపిస్తుంది, అది మీరు కోరినది కాకపోవచ్చు. కాబట్టి జరపాలి. జరపడంలో కూడా ఒక ఇబ్బంది ఉంది. తరచుగా అప్‌డేట్ అయ్యే ప్రోగ్రామ్‌లు అప్‌డేట్ అయినప్పుడు తమ చీటీని పాత చోటే మళ్లీ పెట్టవచ్చు. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు మీరు జరిపిన చీటీ వాటికి తెలియక అనాథగా మిగిలిపోవచ్చు. అందువల్ల బ్రౌజర్లు, ఆఫీస్, పీడీఎఫ్ రీడర్ వంటి నిత్యం మారే ప్రోగ్రామ్‌లను వాటి చోటనే వదిలేసి, ఏళ్ల తరబడి మారని పాత డీటీపీ ప్రోగ్రామ్‌లను, చిన్న ఉపకరణాలను మాత్రమే ఫోల్డర్లలోకి జరపడం నా అలవాటు. ఖాళీ అయిన పాత ఫోల్డర్లను, వాటిలో మిగిలిన రీడ్‌మీ, వెబ్‌సైట్ లింకుల వంటి చీటీలను తీసివేయవచ్చు. అన్‌ఇన్‌స్టాల్ అనే చీటీని మాత్రం, ఆ ప్రోగ్రామ్ పేరు సెట్టింగ్స్ జాబితాలో ఉందో లేదో చూసుకున్న తరువాతే తొలగించండి. కొన్ని పాత ప్రోగ్రామ్‌లకు బయటికి వెళ్లే దారి అదొక్కటే.

చోటు మార్చకుండా వదిలిన ప్రోగ్రామ్‌లను, స్టోర్ యాప్‌లను మెనూలో కుడివైపు టైల్స్‌గా, అంటే చదరపు గడులుగా, పెట్టుకోండి. రైట్ క్లిక్ చేసి పిన్ టు స్టార్ట్ నొక్కితే చాలు. టైల్స్ గుంపు పైభాగాన్ని నొక్కి దానికి కూడా తెలుగు పేరు ఇవ్వవచ్చు. రోజూ వాడేవి పది పన్నెండుకు మించవు, అంతకు మించి పిన్ చేస్తే కుడివైపు కూడా ఎడమవైపులాగే తయారవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం వరకు తెరిచి ఉండే నాలుగైదింటికి అసలు మెనూ అవసరమే లేదు, టాస్క్‌బార్ మీద పిన్ చేసి విండోస్ కీతో 1, 2, 3 అంకెలను కలిపి నొక్కితే ఆ వరుసలోనే తెరుచుకుంటాయి. టైల్స్, టాస్క్‌బార్ ఒక్కో వాడుకరికి వేర్వేరుగా ఉంటాయి కాబట్టి విడి ఖాతాలు ఉంటే ముగ్గురికీ విడిగా చేయాలి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్ అనే చోటికి వెళ్లి, అప్పుడప్పుడూ సూచనలు చూపించే ఎంపికను ఆపివేయండి. ఇటీవల చేర్చినవి చూపించే ఎంపికను మాత్రం ఉంచండి, మీకు తెలియకుండా ఎవరైనా ఏదైనా వేస్తే అక్కడ వెంటనే కనిపిస్తుంది.

చివరిగా, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు పనులు, ఆధార్ వివరాలతో కూడిన దరఖాస్తులు నడిచే కంప్యూటర్ కాబట్టి మీరు విండోస్ 11కు మారే ఆలోచన చేయవలసి ఉంటుంది. యంత్రం దానికి అర్హమైనదో కాదో మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ఉపకరణం చెబుతుంది. ఉన్న విండోస్ మీదనే అప్‌గ్రేడ్ చేస్తే ఈ ఫోల్డర్లు, షార్ట్‌కట్‌లు కొత్త దానిలోనూ ఉంటాయి, టైల్స్ మాత్రం ఉండవు. కాబట్టి మీ శ్రమలో ఎక్కువ భాగం ఫోల్డర్ల మీద పెట్టి, టైల్స్ మీద తక్కువ పెట్టండి.

ముందుగా డ్రైవ్ అక్షరాల సంగతి చూసి, ప్రాపర్టీస్‌లో మీకు కనిపించిన చిరునామాలు ఐదారు ఇక్కడ వ్రాయండి. అన్నీ ఒకే అక్షరంతో కాకుండా వేర్వేరు అక్షరాలతో మొదలవుతుంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఏ మార్పూ చేయకుండా ఆగండి, ఆ వివరం చూసి తరువాతి మెట్టు చెబుతాను.